సగం ధర చీర

ధర్మవరం

చెల్లెలు ప్రశాంతికి,

మీ పెదనాయన ఎప్పుడూ పక్కనే ఉంటాడు, ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఆయన నేసిన పట్టుచీరను లండన్‌లో నువ్వు పనిచేసే కొట్టువాళ్ళు బ్లాక్ ఫ్రైడే అనే అమెరికా తగ్గింపు అమ్మకాల నాడు సగం ధరకు పెట్టినా ఎవరూ కొనలేదన్నావు కదా. "ముందు పెంచి తర్వాత తగ్గిస్తారు. ఈ అమెరికా బేరాలు మేం నమ్మం" అని అక్కడి ఆడవాళ్ళు నవ్వి వెళ్ళిపోయారని కూడా చెప్పావు. ఆ మాటలన్నీ ఫోన్ పక్కనే కూర్చున్న మా నాయన విన్నాడు.

"సగం అని ఎవరు రాసినారమ్మా?" అని అడిగాడు. కొట్టు యజమాని అన్నాను.

"వాళ్ళ తప్పేముండాది. సగానికిస్తే నేనైనా నమ్మను."

ఆ తర్వాత మగ్గం దగ్గరికి పోలేదు. నిన్న మనుషుల్ని పిలిచి దాన్ని విప్పించేశాడు. నేను అడ్డం పోతే, "నాకు కండ్లు కనపడ్డంల్యా, ఇంక నేయలేను" అన్నాడు. ఆ పొద్దునే నా కొంగులో తెగిన పోగు చూపించింది ఆయనే.

ఆ చీర తిరిగి పంపొద్దు. నువ్వే ఉంచుకో, ఫోటోల్లో ఆయనకు కనపడేలా మాత్రం కట్టుకోవద్దు. తర్వాత ఎవరో పూర్తి ధరకు కొన్నారని ఆయనకు చెప్పాను. ఆమె పేరేమని అడిగాడు.

ఏదో ఒక పేరు రాసి పంపు.

మీ అక్క