దూరం వేటకి దగ్గరి వాటా

ఒరే ఎల్లాజీ, నేనూ, నీ పెళ్లాం హేమా, పాపా బాగున్నాం. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, అందుకే కార్డు రాస్తున్నాను.

మీ కంపెనీవాళ్లు నిన్ను మస్కట్ పంపుతారట, చెన్నైలో ఇచ్చే జీతమే అక్కడా ఇస్తారట. గది అద్దె, తిండి ఖర్చు నీదేనట. దానికి నువ్వు తల ఊపేశావట. సిగ్గు లేదూ? నిన్న ఒడ్డున వల బాగుచేస్తుంటే ఎండుచేపల కూర్మమ్మ వచ్చింది.

"ఏటి మావా, నీ అల్లుడు ఫారినెలిపోతన్నాడంట!"

"జీతమెంతో అడిగినావేటే?" అన్నాను.

"ఫారినంటే జీతమడుగుతారేటి?" అని పకపకా నవ్వింది.

ఫారినన్న మోజులో నువ్వూ ఇలాగే అడగకుండా తల ఊపావని అప్పుడు అర్థమై ఒళ్లు మండింది. మన భావనపాడులో పడవ తొయ్యక ముందే ఇసుక మీద వాటా తేల్చుకుంటాం. దూరం వేటకి వాటా ఎక్కువ. కాళ్లు తడిశాక అడిగితే ఎవడూ ఇవ్వడు. పడవ ఆసామిని నిలబెట్టి అడిగే ఇంటి అల్లుడివి, ఆ మేనేజరు ముందు నీకు నోరు పెగల్లేదా?

సోమవారం సంతకం పెట్టే ముందు అడుగు. ఇవ్వనంటే చెన్నైలోనే ఉండు.

వల దారం రెండు ఉండలు పంపు, ఇక్కడిది చేతిలోనే తెగిపోతోంది. పాపకి జ్వరం తగ్గింది. పాత రేడియో తాళ్లు కట్టి పంపావు, అది పలకడం లేదు.

హేమ ఫారినని ఊరంతా చెప్పేసింది, ఇప్పుడు వెళ్లకపోతే నవ్వుతారని భయపడకు. నవ్వేవాళ్లని నా ముందుకొచ్చి నవ్వమను. జీతం నువ్వడుగు, నీకు నోరిమ్మని గంగమ్మని నేనడుగుతాను.

మీ మావ
దానయ్య