పెన్సిల్ పువ్వు గీసిన చోటు

నాన్నా,

నీ పాత మ్యాపును వెక్కిరించినందుకు లెంపలేసుకుంటున్నాను. నిన్న నాలుగు వేల కోడిపిల్లల లోడుతో వెళుతుంటే, జీపీఎస్ నన్ను లారీ పట్టని వంతెన ముందుకు తీసుకెళ్లి "నేరుగా వెళ్లండి" అంది. ఎండకు కోడిపిల్లలు నోళ్లు తెరిచాయి. ఇక దారిలేక నీ మ్యాపు విప్పాను. సరిగ్గా ఆ వంతెన దగ్గరే నీ పెన్సిల్ రాత: "లారీ పట్టదు, ఎడమకు తిరుగు."

తిరిగాను. కాస్త దూరంలో నువ్వు పువ్వు గీసినచోట ఒక పంక్చర్ల షాపు ఉంది. షాపు నడిపే ఆవిడ లారీని నీడన పెట్టించి, కోడిపిల్లలకు నీళ్లు పట్టింది. తర్వాత నా చేతిలోని మ్యాపు చూసింది.

"ఈ రాత నాకు తెలుసమ్మా. రిటైరయ్యాక ఇటు రావడమే మానేశారు. బాగున్నారా?"

జవాబు వినకుండానే టైర్లు చూడ్డానికి వెళ్లిపోయింది. గాలి బాగానే ఉంది నాన్నా. అయినా ఆరు టైర్లూ రెండేసి సార్లు చూసింది.

లోడు క్షేమంగా చేరింది. నేనే దారంతా పిచ్చిదానిలా నవ్వుకుంటూ నడిపాను. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది, నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా.

ఆదివారం నాకు లోడు లేదు. పొద్దున్నే వస్తాను. గడ్డం గీసుకుని ఉండు.

నీ కూతురు