నాన్న సీసా ఆ డబ్బాలోనే ఉంది

ఒరే వెండెల్, కొరియర్ వాడొస్తే ఆ బీరు డబ్బా ఇవ్వకు. వాణ్ణి ఉత్త చేతులతో పంపెయ్.

పొద్దున గిన్నెలు తోముదామని వెళితే సింకు నీళ్ళలో నాన్న చేతిరాత తేలుతోంది. మిల్వాకీలో ఇంటి బీర్ల పోటీకి పంపే సీసాల మీద పేరూ ఊరూ ఉండకూడదని రాత్రి లేబుళ్ళన్నీ నానబెట్టి పీకావు కదా, నాన్న పోయేముందు కాచిన బీరులో మిగిలిన ఆఖరి సీసాని కూడా వాటిలో కలిపేశావురా!

డబ్బా విప్పాను. "ఊపి చూడక్కా, చప్పుడొస్తే నా పేరు మార్చుకుంటా" అన్నావు. నిజమే, ఒక్కోదానికీ బుడగల కవరు చుట్టి, సందుల్లో కాగితాలు కుక్కి, బ్రహ్మాండంగా సర్దావు. కానీ అన్నీ ఒకే రంగు సీసాలు, ఒకే రకం మూతలు. ఏది నాన్నదో ఎలా తెలుస్తుందిరా?

నిన్ను లేపితే కొట్టేస్తానేమోనని ఈ చీటీ. ఈ ఏడు పోటీ మానెయ్. నేను డ్యూటీ నుంచి వచ్చాక అన్నీ తెరుద్దాం. నాన్నది నాలుకకి తెలియకపోతుందా?

గ్రెచెన్ అక్క

లేబులు కిటికీ అద్దానికి అంటించి ఆరబెట్టాను. చదువుకో. "ఇది జడ్జీలకి కాదు, పిల్లలకి" అని రాశాడు.