నిన్ననే వచ్చానని చెప్పాను

సాయిలూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మా బిడ్డ గ్రీకు వీరుడి పాఠం పైకి చదువుతుంటే, నా భార్య లక్ష్మి బీడీలు చుడుతూ వింది. యుద్ధం ముగిశాక ఆ వీరుడు సముద్రంలో పదేళ్లు తిప్పలు పడి, వెంట వచ్చిన వాళ్లందరినీ పోగొట్టుకుని, ఒక్కడే ఇల్లు చేరతాడు.

"మరి గా సచ్చిపోయినోళ్లను కన్న అవ్వలకు ఎవలు చెప్పిన్రు?" అంది లక్ష్మి.

నేను బజారు పని ఉందని లేచాను. దుబాయిలో ఆ పొద్దున నువ్వు ఛాతీలో నొప్పి అంటే, డ్యూటీ పోతుందని లేపి పంపింది నేనే. నువ్వు పనిలోనే కుప్పకూలి పోయావు. మీ అవ్వకు ఇమ్మని నువ్వు కొన్న శాలువా ఇంకా నా పెట్టెలోనే ఉంది. నేను బాన్సువాడ వచ్చి ఆరు నెలలైంది.

బస్టాండులో మీ అవ్వ జుక్కల్ బస్సు కోసం నిలబడి ఉంది. నేను పక్కకు తప్పుకునేలోపే చూసింది.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"నిన్ననే అవ్వా" అన్నాను.

ఆమె నా చెంపలు నిమిరింది. "అలిసిపోయి ఉంటవ్. ముందుగాల ఇంటికి పో. మా సాయిలు ఆఖరి ముచ్చట మెల్లగ వచ్చి చెప్తువు గాని."

నేను ఇంటికే వచ్చేశాను, సాయిలూ.