దాగలి మొద్దు ఎత్తు

అమ్మడూ, నేను నిక్షేపంగా ఉన్నాను. ఈ కార్డు అందిన పూటే సుత్తి కింద పెట్టెయ్యి. నేను చెప్పేదాకా ముట్టుకోకు.

ఇక్కడి కమ్మరికి, ఇనుము పెట్టి కొట్టే దాగలి కింద వెయ్యడానికి చేవ ఉన్న మొద్దు కోసి, ఇనప పట్టీలు బిగించి ఇచ్చాను. ఏనుగు ఎక్కినా కదలదు. కానీ ఎత్తు నా పిడికిలికి కొలిచి కోశాను. ఆయన పొట్టివాడు, దాగలి ఆయనకి మరీ ఎత్తయింది. నిన్న నాలుగో దెబ్బకే సుత్తి అంచు దాగలికి తగిలి ఎగిరి, ఆయన నుదురు చీల్చింది. కన్ను పోవలసింది, వెంట్రుకవాసిలో తప్పింది. "ఏమయ్యా పెద్దాయనా, కొట్టేది నువ్వా, మా ఆయనా?" అని ఆయన భార్య నిలదీసింది.

మన కొలిమి దగ్గర మొద్దు కూడా నా ఎత్తుదే. నువ్వేమో నా భుజం దాకా వస్తావు. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, చెయ్యి కిందికి వదిలి పిడికిలి బిగించు. పిడికిలి నుంచి నేలదాకా మీ అమ్మ చేత తాడుతో కొలిపించి ఆ తాడు పంపు. మొద్దు నేనే ఇక్కడ కోసి పట్టుకొస్తాను. మీ అమ్మకి దగ్గు తగ్గిందా?

నీ భుజం వాచినప్పుడు నీకు పని చేతకాదని పదిమందిలో అన్నాను. తప్పు నీ చేతిది కాదు, నాది. ఈ కార్డు ఆ పదిమందికీ చదివి వినిపించు.

చల్లగా ఉండు తల్లీ.
మీ నాన్న