‘శబరి’ ఓడ విషయమై సంఘం తీర్మానం

ఏలూరు,
11 ఆగస్టు 2025

పూజ్యులైన వెంకటనరసమ్మ అత్తయ్యగారికి,

పెంటపాడు మాజీ సైనికుల శిలాఫలక సంఘం కార్యదర్శి హోదాలోను, మీ మేనల్లుడి హోదాలోను వీరేంద్ర వినయపూర్వకంగా వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

స్వర్గస్థులైన బుల్లిరాజు మామయ్యగారి పేరు ఫలకంపై ఉంటుందా అని మీరు అడిగారు. సమాధానం వివరంగా మనవి చేస్తున్నాను.

మీ దరఖాస్తులో ‘యుద్ధకాలంలో ఓడపై పని’ అని ఉన్నందున, దానిని ముందుగా కొల్లేటి దోనెల సంగతి చూసే ఒక కార్యాలయానికి పంపడమైనది. ఆ ఓడ ఏ లంక గ్రామానిది, దానికి వలలు ఎన్ని అని వారు అడిగారు. జవాబు తయారుచేయడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

తరువాత నౌకాదళం నుండి అసలు వివరం వచ్చింది. మామయ్యగారు పనిచేసిన ‘శబరి’ సరకుల ఓడ. 1971 యుద్ధంలో పోరాట నౌకలకు బియ్యం, కందిపప్పు, మంచినీరు, దుప్పట్లు, ఫిరంగి గుండ్లు చేరవేసింది. తాను ఒక్క గుండూ పేల్చలేదు. ఆ గుండ్ల పైఅంతస్తులోనే మనుషులు పడుకునేవారట. తిరుగు ప్రయాణంలో గాయపడినవారిని, చనిపోయినవారిని ఒడ్డుకు తెచ్చింది. ఆపైన పదిహేనేళ్లు దీవులకు తిండిగింజలు మోసి, 1988లో పాత ఇనుముగా ముక్కలైంది. మామయ్యగారు మనకు పప్పు బస్తాల సంగతి ఒక్కటే చెప్పేవారు.

సమావేశంలో అధ్యక్షులు దుర్గేష్ గారు, బస్తాలు మోసినవారిని చేర్చుకుంటే తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు హమాలీలందరికీ ఫలకాలు వేయించాలని అభిప్రాయపడ్డారు. కొందరు నవ్వారు. సభ్యురాలు సాజిదా టీచరుగారు మాత్రం లేచి, “బస్తా అందకపోతే ఆ తుపాకీ పట్టినాయన ఏం తిని కాల్చాడండీ?” అని అడిగారు. సంఘం కాఫీ తెప్పించింది. పిమ్మట చేతులెత్తగా, ఒక్క ఓటు తేడాతో మామయ్యగారి పేరు నిరాకరించడమైనది.

ఈ సంగతి తెలియజేయవలసి వచ్చినందుకు చింతిస్తున్నాను.

ఇట్లు,
విధేయుడు
వీరేంద్ర

తా.క.: ఆ ఒక్క ఓటు నాది. ఫలకంపై పన్నెండు పేర్లకే చోటుంది. పన్నెండోది మా నాన్నగారిది. ఆయన ఆ యుద్ధమంతా విశాఖలో టైపు మిషను ముందు కూర్చుని చేశారు. నిన్న రాయి చెక్కే మదార్ దగ్గరికి వెళ్లాను. ఆఖరి వరుస ఇంకా ఖాళీగానే ఉందన్నాడు. నాన్నగారి పేరున్న కాగితం మార్చి ఇచ్చి, మామయ్యగారి పేరు పూర్తయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. పదిహేనో తేదీన ఆవిష్కరణలో గుడ్డ తొలగించేవరకు సంఘానికి తెలియదు. అటుపైన నేను కార్యదర్శిని కాను. మీరు ముందు వరుసలో కూర్చోండి.