దిగని గుడి

గోదావరిఖని,
14 మే 2011.

బిడ్డ దీపకు, మీ సదయ్య కాక దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమే, ఈ ఎండల క్షేమమని ఎంతవరకు అనొచ్చో అంతవరకు. నువ్వు, మీ అవ్వ సమ్మవ్వ మంచిగున్నరని తలుస్త. రెండు గల్లీల అవతల ఉన్నదానికి ఉత్తరమేందని నవ్వకు. నోటితోని చెప్దామని రెండుసార్లు వచ్చిన, రెండుసార్లు చాయ తాగి వాపస్ పోయిన.

పొద్దటి సంది ఇంట్ల కూసోబుద్ధి అయితలేదు, బయట నిలవడబుద్ధి అయితలేదు. బీపీ గోలి ఏస్కున్నవా అని మా కొడుకు ఉపేందర్ మూడుసార్లు అడిగిండు. వానికేం తెలుసు, ఇది గోలితోని పోయే రోగం కాదు.

మొన్న శివాలయం కాడ నీ పని చూసిన. మూడు కాళ్ల కొలతల మిషన్ పెడితివి, దాని తలకాయ గిర్రున తిరుగుతనే ఉన్నది. గోడలు, స్తంభాలు, పలిగిన నంది చెవితో సహా నీ కంప్యూటర్ల దిగినయ్. మా లింగమూర్తి బిడ్డ ఇంతదైందా అని సంబురపడ్డ. నువ్వేమో, ఎప్పుడొచ్చినా గోడ బయటనే కూసుంటవేంది కాకా, లోపలికి రా అని ఎక్కిరిస్తివి. మోకాళ్ల నొప్పులని చెప్పిన. మోకాళ్లకేమైంది బిడ్డ, అవి మంచిగనే ఉన్నయ్.

మీ పెద్దసారు నిన్ను నలుగురిల తిట్టిన సంగతి మీ అవ్వ చెప్పింది. బొగ్గుబాయిల పైబండ కూలకుండ స్తంభంలెక్క వదిలే బొగ్గును పిల్లరంటం గదా. గుడి కిందున్న పిల్లరును ఎనభై ఎనిమిదిల కొట్టేసినట్టు పాత నక్షల ఉన్నదట. కింద డొల్ల అయినంక పైన గుడి భూమిలకు దిగకుండ ఎట్లుంటది, మిషనన్న తప్పు, నువ్వన్న తప్పు అన్నడట. మూడు నెలలు దినాం కొలిస్తివి, ఎంటికమందం కూడ దిగలేదంటివి. అయినా సోమవారం సంది గుడి రాళ్లకు నంబర్లేసి, విప్పి, ఇంకోకాడ కడ్తరట. విప్పితే సగం రాళ్లు పొడైతయని నువ్వే ఏడిస్తివట. ఆఖరికి నా కొలతలే తప్పని సంతకం పెడ్త, పీడ పోతదని మీ అవ్వతోని అన్నవట.

పెట్టకు బిడ్డ. నీ కాళ్లు పట్టుకుంట, ఆ సంతకం పెట్టకు.

గుడి మెట్ల పక్కపొంటి, రాళ్లకు తగలకుండ, ఒక్క బోరు ఏసి చూడుమని సారును అడుగు. ఎందుకంటే, బాయిల ఇరవై ఏండ్లు తట్ట మోసిన ముసలోడు చెప్పిండను. నవ్వితే నవ్వనియ్. సోమవారంలోపటనే అడుగు, జల్ది.

ఎండకు తలకు రుమాలు కట్టుకో. నీళ్లు తాగుడు మరువకు. మీ అవ్వకు నా శనార్తి చెప్పు.

ఇట్లు,
మీ నాయిన జోడీదారు,
సదయ్య

తా.క.: కవరు అంటించి మీ గల్లి మొగదాక వచ్చిన. మళ్ల ఇంటికి పోయి, చింపి, ఇది రాస్తున్న. నేను ఇంత పిరికోన్నని నాకే ఇయ్యాల తెల్సింది.

ఆ పిల్లరును మేం కొట్టలేదు బిడ్డ.

అప్పుడు ఆ గుడి పాడువడి ఉండె. మా అవ్వ సారవ్వ ఒక్కతే పోయి రోజు దీపం పెట్టేది. ఓనాడు పగటీలి గుడిగంట తనంతల తనే మోగిందని చెప్పింది. మేం ఆ పిల్లరుకు మొదటి మందుతూటా పేల్చింది సరిగ్గ ఆ యాళ్లకే. తెల్లారి ఆ పిల్లరుకు ఇంకో తూటా పెట్టనన్న. మీ నాయిన ఎర్రజెండా మనిషి, దేవుడంటే నవ్వేటోడు. ఆ దినం కూడ నవ్విండు. నవ్వి, నీ దేవుని కోసం కాదురా, మీ అవ్వ దీపం కోసం ఇడిచిపెడ్దాం అన్నడు.

పిల్లరు కొట్టినమని మా మీది సర్దారుకు చెప్పినం. బొగ్గు టబ్బులు నిండాలె గదా, అందుకని పక్క పిల్లరు అంచులు తవ్వినం. అవి ముట్టొద్దని ఇద్దరికీ ఎరుకే. మూడో దినం నేను టబ్బు నూకుతుంటే ఎనుక బండ పడ్డది. తిరిగి చూసేవరకు నీ నాయిన లేడు.

ఆ జాగకు గోడ కట్టి మూసేసిన్రు, మళ్ల ఎవ్వలు పోయి చూడలే. గుడి కింది పిల్లరు కొడ్తుంటే చనిపోయిండని రాసిన్రు. సాక్షి సంతకం నాది. నిజం చెప్తే తప్పంత ఆయన మీదికొస్తది, మీ అవ్వకిచ్చిన నౌకరి పీకుతరని భయపడ్డ. మొన్న మార్చిల ఆమె రిటైరైంది. ఇంక నాకు ఏ సాకూ లేదు.

నీ మిషన్ల తప్పు లేదు, నీల తప్పు లేదు. సారు నమ్మకపోతే నన్ను పిలువు, అందరి ముందట చెప్త. ఈ ఉత్తరం మీ అవ్వకు చదివి ఇనిపియ్యి. ఆమె చెప్పు తీసినా తల వంచుకొని నిలబడ్త.

బోరుల బొగ్గు పడ్తది. మొదటి పెళ్ల తెచ్చి మీ అవ్వ చేతుల పెట్టు. మీ నాయిన కొట్టకుండ ఇడిచిపెట్టిన బొగ్గు అది.